యోగా క్లాసు పెడితే పని టెన్షన్ పోతదా? 21 ఏండ్లు ఫ్యాక్టరీల చూసింది చెప్తున్న

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. దేవరకొండల ఫైనాన్స్ కంపెనీ కొలువు, పొద్దున 7కే ఊర్లల్ల మహిళా గ్రూపుల మీటింగులు, పగలంతా బండి మీద తిరుగుడు, కిస్తీ కట్టనోళ్ల ఇండ్ల కాడ చీకటి పడ్డా కూసోమంటున్నరు, రాత్రి తొమ్మిదిన్నరకు మేనేజర్ రివ్యూ కాల్, ఇంటికొచ్చి చిన్నపాప మీద అరుస్తున్న, నిద్ర పడ్తలేదు అన్నవ్. కంపెనీ వాళ్లు ఫోన్ల మెడిటేషన్ యాప్ ఇస్తే నెల రోజులు చేసినవ్, ఏం ఫరక్ పడలేదు, మరి లోపం నాలోనే ఉన్నదా, ఈ పద్ధతుల్ల ఏది నిజంగా పని చేస్తది అక్కా అని అడిగినవ్.

లోపం నీల లేదు. ముందు ఈ మాట గట్టిగ మనసుల పెట్టుకో, ఎందుకంటె యాప్ పని చెయ్యకపోతే దాన్ని కూడా నీ తప్పే అనుకోని ఇంకింత రంది పడుతున్నవ్, నీ పోస్టుల నాకు అన్నిటికంటె బాధ అనిపించింది అదే.

నేను జడ్చర్ల దిక్కు ఒక మందుల ఫ్యాక్టరీల వెల్ఫేర్ ఆఫీసర్‌గ 21 ఏండ్ల నుంచి చేస్తున్న. 500 మంది, అంతకంటె ఎక్కువ వర్కర్లు ఉంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలనే ఉండె, అట్లనే నా కుర్చీ వచ్చింది. క్యాంటీన్ల పప్పు నీళ్లలెక్క ఉందన్న కాడికెళ్లి, మొగుడు తాగి కొడ్తున్నడు డ్యూటీకి రాలేను అనేదాక అన్నీ నా దగ్గరికే వస్తయి. సైకాలజీ ఎమ్మే చదివిన, తర్వాత కౌన్సెలింగ్ల డిప్లొమా చేసిన, కానీ నేను నేర్చుకున్నదాంట్ల సగం ఆ కుర్చీల కూసోని విన్నదే.

మా నాయన పాలమూరు వలస కూలీ. బొంబాయిల, పూణెల బిల్డింగు పనులు చేసిండు. నేను డిగ్రీ చదివేటప్పుడు అడిగిన, అంత బరువు ఎట్ల మోసినవ్ నాయనా అని. తట్ట మోసుడు కష్టం కాదు బిడ్డా, మేస్త్రి పొద్దుమూకినంక ఎప్పుడు పొమ్మంటడో తెల్వకపోవుడు, ఎందుకు తిడుతున్నడో తెల్వకపోవుడు, అది పానం తీస్తది అన్నడు. తర్వాత ఎమ్మేల చదువుకున్న, రాబర్ట్ కరాసెక్ అనే ఆయన 1979ల స్వీడన్, అమెరికా పనోళ్ల లెక్కలు చూసి రాసింది అచ్చం ఇదే. పని ఎక్కువుంటేనే మనిషి పాడైపోడు, పని ఎక్కువుండి దాని మీద తన చేతుల ఏమీ లేకపోతే పాడైతడు. తర్వాత వచ్చినోళ్లు దానికి ఇంకోటి కలిపిండ్రు, పక్కన ఆసరా ఇచ్చే మనిషి ఉన్నడా లేడా అని. లండన్ల సర్కారు ఆఫీసుల్ల 1985ల మొదలుపెట్టి 10,308 మంది ఉద్యోగులను ఏండ్ల తరబడి చూసిండ్రు, వైట్‌హాల్ అధ్యయనం అంటరు, దాంట్ల తమ పని మీద తమకు మాట చెల్లని వాళ్లకు గుండె జబ్బు ఎక్కువ వచ్చింది. పెద్ద సార్లకే టెన్షన్ ఎక్కువ, గుండెపోటు వాళ్లకే వస్తది అని మనం అనుకుంటం కదా, అక్కడ ఉల్టా తేలింది, కింద కుర్చీలోళ్లకే ఎక్కువ.

ఇప్పుడు నీ రోజు చూడు. టార్గెట్ ఎవరు పెడతరో వాళ్లు ఊరు చూడరు. వానలు పడక పత్తి పోయినా, బత్తాయి ధర పడిపోయినా కిస్తీ మాత్రం నువ్వు తేవాలె. ఎప్పుడు ఇంటికి పోతవో నీ చేతుల లేదు. నువ్వు పోయి కూసునే ఇంట్ల ఆమెకు కూడా అంతే బుగులు ఉంటది, ఆమె ముఖం చూసి నీకు లోపల ఇంకోటి అయితది. దీనికి పది నిమిషాల యాప్ ఏం చేస్తది చెప్పు.

మా దగ్గర కూడా ఇదే జరిగింది. ఒక ఏడాది లీవులు బాగా పెరిగినయి, మేనేజ్‌మెంట్ వాళ్లు హైదరాబాద్ నుంచి యోగా మాస్టర్‌ను తెచ్చిండ్రు, ఆరు వారాలు, వారానికి మూడు రోజులు. మాస్టర్ మంచోడే, బాగా చెప్పిండు. కానీ క్లాసు ఎప్పుడు పెట్టిండ్రు, రాత్రి షిఫ్ట్ దిగినంక. రాత్రంతా నిలబడ్డ మనుషులు శవాసనం అనంగనే నిద్రపోయేటోళ్లు, లేపుతే బస్సు పోయిందని ఏడ్చేటోళ్లు. ఆరు వారాలయినంక లీవుల రిజిస్టర్ నేనే చూసిన, ఏం మారలేదు. యోగా మీద నాకు గౌరవం ఉంది, నేను పొద్దున చేస్తనే. కానీ రాత్రి షిఫ్ట్ పట్టీ ఎవరికి ఎప్పుడు పడ్తదో తెల్వని కాడ యోగా పెట్టి, మేం చేసేది చేసినం ఇగ మీ ఇష్టం అంటే అది న్యాయం కాదు.

బయట పెద్ద లెక్కలు కూడా దగ్గర దగ్గర ఇదే చెప్తున్నయి. 2024ల ఆక్స్‌ఫర్డ్ నుంచి విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్ల 233 సంస్థల 46,336 మంది ఉద్యోగుల సర్వే లెక్కలు తీసిండు. మైండ్‌ఫుల్‌నెస్ (మనసును ఇప్పటి క్షణంల నిలుపుడు), రెసిలియెన్స్ (కష్టాన్ని తట్టుకునుడు) ట్రైనింగ్, నిద్ర యాప్‌లు, టైం మేనేజ్‌మెంట్ క్లాసులు, ఇట్లాంటివి తీసుకున్నోళ్లకు తీసుకోనోళ్లకు మధ్య ఫరక్ దాదాపు కనపడలేదు, సేవా పనులకు పోయినోళ్లల్ల మాత్రం కొంచెం మంచిగ కనిపించింది. అది ఒక్కసారి తీసిన సర్వే కాబట్టి, ముందే ఎక్కువ టెన్షన్ ఉన్నోళ్లు క్లాసులకు పోయి ఉండొచ్చు కదా అని అడగొచ్చు, ఆ అనుమానం సరైందే. అందుకే 2019ల వచ్చిన ఇంకో దాన్ని నేను ఎక్కువ నమ్ముత. అమెరికాల ఒక పెద్ద గోదాము దుకాణాల కంపెనీల సుమారు 33,000 మంది ఉద్యోగులు, ఏ బ్రాంచిల వెల్‌నెస్ ప్రోగ్రాం పెట్టాల్నో ఏ బ్రాంచిల వద్దో చీటీలేసినట్టు తేల్చి పెట్టిండ్రు. ఏడాదిన్నర తర్వాత ప్రోగ్రాం ఉన్న కాడోళ్లు మేం వ్యాయామం ఎక్కువ చేస్తున్నం అని చెప్పిండ్రు, కానీ బీపీ, కొలెస్ట్రాల్, దవాఖాన ఖర్చు, డ్యూటీ ఎగ్గొట్టుడు వీటిల్ల చెప్పుకోదగ్గ ఫరక్ లేదు.

మరి మనిషి మీద చేసే పద్ధతులన్నీ వేస్టా అంటే అది కూడా కాదు, ఇక్కడ జర జాగ్రత్తగ విను. 2008ల 36 ప్రయోగాలను కలిపి చూసిన ఒక లెక్క ఉంది, దాంట్ల ఎక్కువ కంపెనీలు వాడేది రిలాక్సేషన్, మెడిటేషన్ లాంటివే, కానీ ఎక్కువ ఫలితం వచ్చింది మాత్రం కాగ్నిటివ్ బిహేవియర్ పద్ధతికి. పేరు పెద్దగ ఉంది కానీ పని సింపుల్, మనసుల తిరిగే మాటను పట్టుకోని కాయితం మీద పెట్టి తర్కించుడు. నీ సంగతే తీసుకుందాం. రివ్యూల సార్ అందరి ముంగట తిట్టిండు. నీ మనసు అక్కడ ఆగదు, నేను దేనికీ పనికిరాను, కొలువు పోతది, బండి ఈఎంఐ ఆగుతది, అత్తగారింట్ల మొకం చూపించలేను, ఇట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి పన్నెండు దాక నిద్ర పోనియ్యది. కాయితం తీసి రాయి, జరిగింది ఏంది, నేను అనుకున్నది ఏంది. జరిగింది ఒక్కటే లైను ఉంటది, చింతపల్లి దిక్కు గ్రూపు కిస్తీ రాలేదు, సార్ అరిసిండు, గంతే. మిగిలినవన్నీ రెండో దిక్కు పోతయి. ఆ రెండో దిక్కువి ఒక్కోటి చూసి, ఇంతకుముందు ఇట్ల తిట్టినప్పుడు ఎంతమందిని తీసేసిండ్రు, నా కలెక్షన్ నిజంగా బ్రాంచిల ఎన్నో నంబరు, అని జవాబు రాయి. అంతా మంచే జరుగుతది అనుకో అని నేను చెప్తలేను, నిజం ఎంతుందో అంతే చూడమంటున్న. రోజూ పావుగంట, ఆరేడు వారాలు చేస్తే తెలుస్తది. నేర్పే సైకాలజిస్ట్ దొరికితే ఇంకా మంచిది.

ఊపిరి పద్ధతి కూడా వదిలెయ్యకు, కానీ దేనికి వాడాల్నో తెలుసుకో. ఐదు లెక్కపెట్టేదాక మెల్లగ పీల్చు, ఐదు లెక్కపెట్టేదాక, ఇంకింత ఎక్కువైనా మంచిదే, మెల్లగ వదులు, నిమిషానికి సుమారు 6 సార్లు వస్తది. మెల్లగ వదిలినప్పుడు వేగస్ అనే నరం గుండె వేగాన్ని తగ్గిస్తది. రివ్యూ కాల్‌కు ఐదు నిమిషాల ముందు చెయ్యి, ఇంటి గేటు కాడ బండి ఆపి లోపలికి పోయే ముందు చెయ్యి, పాప మీద అరిసేది ఆడనే చానా వరకు ఆగుతది. ఆ గంటను గట్టెక్కిస్తది, ఆ నెలను మాత్రం మార్చలేదు, అంత ఆశ పెట్టుకుంటే మళ్ల నిన్ను నువ్వే తిట్టుకునుడు అయితది.

ఇగ మా ఫ్యాక్టరీల నిజంగా పని చేసింది ఏందో చెప్త. ప్యాకింగ్ సెక్షన్. ఆడోళ్లకు పొద్దటి షిఫ్ట్, జనరల్ షిఫ్ట్, మొగోళ్లకు మూడు షిఫ్టులు. బాలానగర్, రాజాపూర్, మిడ్జిల్ దిక్కు పల్లెల నుంచి వస్తరు, జడ్చర్ల చౌరస్తల బస్సు మారాలె. వాళ్ల షిఫ్ట్ ముందురోజు రాత్రి ఫోన్ చేసి మార్చేటోళ్లు. పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలె, బస్సు ఉంటదా లేదా, పొలానికి కరెంటు ఎప్పుడొస్తది, అన్నీ తలకిందులు. మేం మూడు గురువారాలు షిఫ్ట్ టైంలనే, అంటే జీతం పడే టైంలనే, చిన్న చిన్న గుంపులుగ కూసోబెట్టి రెండే అడిగినం, మీకు డ్యూటీల దేనికి ఎక్కువ పరేషాన్ అయితది, మీరే సార్ అయితే ముందుగాల ఏది మారుస్తరు. జీతం పెంచాలె అంటరని మేనేజర్లు భయపడ్డరు. అన్నరు, నిజమే, కానీ దాని ముందు మూడు వచ్చినయి. షిఫ్ట్ పట్టీ ముందే తెలవాలె. మూడో లైను తూకం మిషన్ తప్పు చూపిస్తది, డబ్బాలు మళ్ల విప్పి కట్టాల్సొస్తది, తప్పు మా మీద రాస్తరు. సూపర్‌వైజర్ అందరి ముంగట అరవొద్దు.

మూడూ చేసినం. పట్టీ నెల ముందు బోర్డు మీద, ఎవరికైనా అడ్డమొస్తే వాళ్లల్ల వాళ్లే మార్చుకోని రిజిస్టర్ల రాసుకునుడు, మొగోళ్లకు షిఫ్టులు పొద్దటిది తర్వాత పగటిది తర్వాత రాత్రిది అనే వరుసల తిప్పుడు, ఉల్టా తిప్పితే ఒళ్లు తట్టుకోదు, ఎందుకంటె మన ఒంటికి ఆలస్యంగ పడుకునుడు అలవాటైతది కానీ రోజూ కంటె ముందుగాల పడుకునుడు కష్టం. తూకం మిషన్ రిపేరు చేయించినం. తిట్టేది ఉంటే క్యాబిన్ల, తలుపేసి, ఒక్కణ్ని పిలిచి. పైసలు పెద్దగ కాలేదు. మూడు నెలలకు లీవులు తగ్గినయి, నా దగ్గరికి ఏడ్చుకుంట వచ్చేటోళ్లు తగ్గిండ్రు, ఒకామె దసరా ముందు వచ్చి అక్కా ఈసారి పండుగకు నా బిడ్డ దగ్గర ఉంటనని నెల ముందే చెప్పిన అన్నది. నాకు 21 ఏండ్లల్ల అంత సంతోషం వేరేది లేదు.

అదే పద్ధతి ఇంకో సెక్షన్ల చేస్తే పూర్తిగ దెబ్బతిన్నది, అది కూడా చెప్పాలె. అక్కడి హెడ్ సార్‌కు ఇష్టం లేదు. కూసోబెట్టి అడిగినం, నాలుగు పేజీలు రాసుకున్నం, తర్వాత ఒక్కటి చెయ్యలేదు. జనం ఇంతకుముందు కంటె ఎక్కువ మండిండ్రు, మమ్ముల ఎందుకు అడిగిండ్రు మరి అన్నరు. అడిగి చెయ్యకపోవుడు అసలు అడగకపోవుడు కంటె చెడ్డది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022ల పనికాడ మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన మార్గదర్శకాల్ల పని పద్ధతి మార్చుడు, మేనేజర్లకు ట్రైనింగ్ ఇచ్చుడు రెండూ ఉన్నయి, నా అనుభవంల రెండోది లేకుంటే మొదటిది నిలబడదు, సార్ మారకుంటే బోర్డు మీద పట్టీ వారానికే చినుగుతది.

గంటల సంగతి తొందరగ చెప్పేస్త. పొద్దున 7 నుంచి రాత్రి తొమ్మిదిన్నర, ఆరు రోజులు, తిండికి రెస్టుకు తీసేసినా నీది వారానికి 70 గంటలు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021ల లెక్క ఇచ్చినయి, వారానికి 35 నుంచి 40 గంటలు చేసేటోళ్లతోని పోలిస్తే 55 అంతకంటె ఎక్కువ చేసేటోళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతోని చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఇది భయపెట్టడానికి చెప్తలేను, గంటలు తగ్గించుకునుడు సోమరితనం కాదు అని నీ మనసుకు నువ్వు చెప్పుకోవాలె కాబట్టి చెప్తున్న. బ్రిటన్ల 2022ల 61 కంపెనీలు జీతం కోయకుండ పని వారం తగ్గించి చూస్తే 71 శాతం మందికి బర్నౌట్, అంటే పనితోని పూర్తిగ అలిసి విరిగిపోవుడు, తగ్గింది, టెన్షన్ తగ్గింది అన్నోళ్లు 39 శాతం. వాళ్లు ఇష్టపడి ముందుకొచ్చిన కంపెనీలు, మన దగ్గర అట్లనే అయితదని అనలేం, కానీ దిక్కు మాత్రం తెలుస్తది.

ఇప్పుడు నీకు. నువ్వు మేనేజర్‌వి కాదు, కంపెనీని మార్చలేవు, నాకు తెలుసు. కానీ నీ చేతుల ఏమీ లేదు అనుకోకు.

ఒకటి, రిజర్వ్ బ్యాంక్ 2022 మార్చిల మైక్రోఫైనాన్స్ లోన్ల మీద రూల్స్ ఇచ్చింది, అదే ఏప్రిల్ నుంచి అమలుల ఉన్నయి. వసూలు కోసం పొద్దున 9 కంటె ముందు, సాయంత్రం 6 దాటినంక ఫోన్లు చెయ్యొద్దు, బెదిరించొద్దు, పదిమందిల ఇజ్జత్ తియ్యొద్దు అని దాంట్ల ఉంది. ఇంటి నెల ఆదాయంల లోన్ల కిస్తీలన్నీ కలిపి సగం దాటొద్దు అని కూడా ఉంది. ఆ కాగితం ప్రింట్ తీసుకో. చీకటి పడ్డంక ఇండ్ల కాడ కూసోమన్నప్పుడు, సార్ నాకు చాతకాదు అనకు, సార్ రిజర్వ్ బ్యాంక్ రూల్ ఇట్లుంది, రేపు కంప్లైంట్ అయితే బ్రాంచి మీదికొస్తది, నేను పొద్దున 9కి పోత అను, నోటితోని కాదు మెసేజ్ పెట్టు. నీ టెన్షన్ల సగం వసూలు కాడ పుట్టలేదు తమ్ముడూ, లోన్ ఇచ్చే కాడ పుట్టింది, నాలుగు కంపెనీల కిస్తీలు కట్టే ఆమెకు ఐదోది ఇచ్చి తర్వాత నిన్ను వసూలుకు పంపుతున్నరు. లోన్ రాసేటప్పుడు నీ మాట చెల్లేకాడ ఆ ఆదాయంల సగం దాటొద్దు అనే రూల్ అడ్డం పెట్టు, ఆరు నెలల తర్వాత నీ రాత్రులు నీకు దక్కుతయి.

రెండు, రివ్యూ కాల్. ఒక్కడివే అడగకు. బ్రాంచిల నువ్వు అనుకున్నదే మిగతా ముగ్గురు నలుగురు అనుకుంటుంటరు, కానీ ఒకరికొకరు చెప్పుకోరు. కలిసి సార్‌ను అడుగుండ్రి, కాల్ వద్దు అని కాదు, సార్ రాత్రి తొమ్మిదిన్నర బదులు సాయంత్రం ఆరున్నరకు పెడితే మర్నాటి ప్లాన్ కూడా అప్పుడే చెప్తం, ఒక నెల చూద్దాం అని. నెల చూద్దాం అన్నప్పుడు సార్లకు ఒప్పుకునుడు సులువు. ఒప్పుకోకపోతే? అప్పుడు కూడా నీకు ఒకటి దక్కుతది, బ్రాంచిల నీ పక్కన మనుషులు ఉన్నరని తెలుస్తది, కరాసెక్ తర్వాతోళ్లు చెప్పిన ఆ ఆసరా ఇదే.

మూడు, కాల్ అయినంక ఆఫీస్ సిమ్ బంద్. పని ఫోన్ పడుకునే అర్రల పెట్టకు, బండి తాళాల పక్కన పెట్టు.

ఇవన్నీ చేసి మూడు నెలలు చూసినా ఏమీ మారకుంటే కొలువు మారుడు కూడా ఒక పద్ధతే, ఓడిపోయినట్టు కాదు. నాలుగు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోని వెతుకు, కోపంల రాజీనామా మాత్రం ఇయ్యకు, నా దగ్గరికి వచ్చినోళ్లల్ల అట్ల చేసినోళ్లు ఇంకో అప్పుల పడి ఇంకా ఎక్కువ తన్లాడిండ్రు.

ఇంకోటి, బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగ లెక్కపెట్టలేదు, పని కాడ పుట్టే స్థితి అంటది, ఒళ్లు అలిసిపోవుడు, పని మీద మనసు విరిగిపోవుడు, చేతనైతలేదు అనిపించుడు. కానీ దాని వెనక డిప్రెషన్ వస్తే అది జబ్బే, దానికి వైద్యం ఉంది. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి పోయినా, పాపతోని ఆడబుద్ధి కాకపోయినా, మందు తాగుడు పెరిగినా, బతుకెందుకు అనిపించినా ఆ రోజే టెలి మానస్ అనే సర్కారు మానసిక హెల్ప్‌లైన్‌కు, 14416కు ఫోన్ చెయ్యి, రాత్రైనా పగలైనా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు, పైసా లేదు. నల్లగొండ సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానల మానసిక డాక్టర్‌ను కలువు, ఎవరన్నా చూస్తరని సిగ్గుపడకు.

నీ పోస్టుల చివర్ల తలనొప్పి, మెడ కాడ గుంజుడు అని ఒక లైను రాసి వదిలేసినవ్. 31 ఏండ్లకు బీపీ ఎందుకుంటది అనుకోకు, నా రిజిస్టర్ల నీ వయసోళ్లు ఉన్నరు. ఈ ఆదివారం చూపించుకో, ఎంతొచ్చిందో ఇక్కడనే రాయి, నేను చూస్త.